సెంట్ హెలీనా: మబ్బులు, మేకలు, ఒక అనావృష్టి

నెపోలియన్ బందీగా వుండి 1821లో మరణించిన దీవిగా సెంట్ హెలీనా పేరు ఉన్నత పాఠశాల విద్యార్థులందరికీ తెలుసు. చరిత్ర పుస్తకంలో ఆ పేరు అక్కడితో ఆగిపోతుంది. భూగోళ పుస్తకంలోనైతే అసలు కనిపించనే కనిపించదు. కాని ఊటలలోకి నీరు ఎక్కడనుండి వస్తుంది, అడవి పోతే నేల ఏమవుతుంది, ఒక దేశంలో వానలు తప్పిన యేడే వేల మైళ్ళ దూరాన మరొక చోట కూడా ఎందుకు తప్పుతాయి అనే ప్రశ్నలను ఆ చిన్న దీవి ప్రకృతి శాస్త్రజ్ఞుల ముందు పెట్టింది. వీటిలో చివరి ప్రశ్న పుట్టిన కథలో మన గోదావరి మండలం ప్రస్తావన కూడా వున్నది.

సెంట్ హెలీనా దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, సుమారు 16 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద వున్నది. మచిలీపట్నం భూమధ్యరేఖకు ఉత్తరంగా ఎంత దూరమో, యిది దక్షిణంగా ఇంచుమించు అంత దూరం. ఆఫ్రికా తీరం యిక్కడికి 1,900 కిలోమీటర్ల పైచిలుకు వుంటుంది. దక్షిణ అమెరికా తీరం అంతకంటె ఎంతో దూరం. అన్నిటికంటె దగ్గరి నేల అసెన్షన్ అనే మరొక దీవి. ఆ దగ్గరి నేల కూడా 1,300 కిలోమీటర్ల దూరాన వున్నది! సెంట్ హెలీనా విస్తీర్ణం 122 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన జిల్లాలలో ఒక చిన్న తాలూకా కంటె కూడా తక్కువ.

ఇది అగ్నిపర్వతం వలన పుట్టిన దీవి. సముద్రగర్భంనుండి లావా పొరలు పొరలుగా పేరుకొని, సుమారు 1 కోటి 40 లక్షల సంవత్సరాల క్రితం నీటిపైకి తలయెత్తింది. ఆ అగ్నిపర్వతం చల్లారి 70 లక్షల సంవత్సరాలు అయింది. అప్పటినుండి సముద్రపు అలలు అంచులను కోస్తూ వచ్చినందున తీరమంతా నిలువు గోడలవంటి నల్లని కొండచరియలతో నిండివున్నది. పడవ దిగడానికి అనువైన చోట్లు బహు కొద్ది. ముఖ్యపట్టణమైన జేమ్స్‌టౌన్ రెండు కొండల నడుమ, ఇరుకైన లోయలో, ఒకే వీధిగా సాగివుంటుంది. లోపలికి పోయినకొద్దీ నేల ఎత్తవుతుంది. నడుమ వున్న డయానా శిఖరం సుమారు 820 మీటర్లు. ఓడమీద వచ్చే ప్రయాణికుడికి మొదట కాలిన రాయి తప్ప మరేమీ కనబడదు. కొండ ఎక్కిన తరువాత పచ్చికబయళ్ళు, వాటిపైన మంచుతెరలో మునిగిన చెట్లు కనిపిస్తాయి. బోడిగా వున్న అంచు, పచ్చగా వున్న నడిబొడ్డు - దీవి శీతోష్ణస్థితి అంతా యీ రెండింటి తేడాలోనే వున్నది.

మచిలీపట్నంతో సమానమైన అక్షాంశం కాబట్టి అక్కడా వేసవిలో వడగాడ్పులు కొడతాయని ఎవరైనా అనుకోవచ్చు. అది పొరపాటు. జేమ్స్‌టౌన్‌లో ఉష్ణోగ్రత సాధారణంగా 20, 28 సెంటిగ్రేడ్ డిగ్రీల మధ్యనే వుంటుంది. ఎత్తు ప్రదేశాలలో అంతకు అయిదారు డిగ్రీలు తక్కువ. దీనికి కారణాలు రెండు. ఆఫ్రికా నైరుతి తీరం వెంబడి దక్షిణంనుండి బెంగ్వేలా అనే శీతల ప్రవాహం పైకి వచ్చి పడమరకు మళ్ళుతుంది. ఆ చల్లని నీటిమీదుగా ఆగ్నేయ వ్యాపార పవనాలు దాదాపు సంవత్సరం పొడుగునా వీస్తూ దీవిని తాకుతాయి. చుట్టూ సముద్రమే కాబట్టి పగటికీ రాత్రికీ, వేసవికీ చలికాలానికీ పెద్ద భేదం వుండదు. దక్షిణ అట్లాంటిక్‌లోని యీ భాగంలో తుపానులు కూడా లేవు. ప్రతి కార్తీకంలోనూ ఆకాశంవైపు భయంతో చూసే మన కోస్తావారికి యిది వింతగానే తోచవచ్చు.

ఇక వాన సంగతి. చల్లని నీటిమీద వున్న గాలి చల్లగా వుంటుంది. దానిపైన, ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తున, పైనుండి దిగివస్తున్న వెచ్చని పొడిగాలి ఒక మూతవలె పరచుకొని వుంటుంది. మామూలుగా ఎత్తుకు పోయినకొద్దీ గాలి చల్లబడాలి. యిక్కడ ఆ మూత దగ్గర క్రమం తలకిందులవుతుంది. అందువలన కింది తేమగాలి ఆ మూతను దాటి పైకి లేవలేదు, గొప్ప వర్షమేఘాలు ఏర్పడవు. పలచని, తక్కువ ఎత్తు మబ్బులు మాత్రం కడతాయి. సముద్రమంతటిమీదా యీ మబ్బులు చినుకు రాల్చకుండా పోతాయి. దీవి కొండలు అడ్డువచ్చినచోట గాలి ఎగబాకి, చల్లబడి, తేమను వదలుతుంది. కాబట్టి తీరాన సంవత్సరానికి 200 మిల్లీమీటర్లు కూడా పడని వాన, నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని శిఖరాలమీద ఇంచుమించు 1,000 మిల్లీమీటర్లు పడుతుంది. రాయలసీమకూ మలనాడుకూ వున్నంత తేడా ఒక పూట నడకలో చూడవచ్చు.

ఈ మబ్బుల సంగతిని మొదట గమనించినవాడు, వాటివలన మొదట నష్టపోయినవాడు కూడా, ఎడ్మండ్ హేలీ. తోకచుక్కవలన ఆయన పేరు లోకప్రసిద్ధమయింది గాని, 1677లో సెంట్ హెలీనాలో దిగేనాటికి ఆయన ఇరవై యేళ్ళ విద్యార్థి. దక్షిణాకాశంలోని నక్షత్రాల స్థానాలను కొలిచి పట్టిక తయారుచేయడం ఆయన ఉద్దేశం. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఆధీనంలోని స్థలాలలో దక్షిణపు కొస అప్పటికి అదే. ఎత్తుగా వుంటే ఆకాశం బాగా కనిపిస్తుందని కొండమీద దుర్భిణి నెలకొల్పాడు. తీరా చూస్తే అది సరిగ్గా మబ్బులు వచ్చి ఆగే చోటు! సంవత్సరం పైబడి వున్నా 341 నక్షత్రాలకంటె ఎక్కువ కొలవలేకపోయాడు. ఆకాశం నిర్మలంగా వున్న రాత్రులలో కూడా దుర్భిణి అద్దాలమీద తేమ పట్టేది. కాగితం చెమ్మగిల్లి సిరా అంటేది కాదు.

మరొకడైతే విసుగుకొని ఊరుకొనేవాడు. హేలీ ఆ చెమ్మను మరచిపోలేదు. ఊటలకు, నదులకు నీరు ఎక్కడనుండి వస్తుందన్నది ఆ కాలపు పెద్ద వివాదం. సముద్రపునీరే భూమిలోపలి దారులగుండా కొండలలోకి ఎక్కి, ఉప్పు విడిచి, ఊటలుగా వస్తుందని చాలామంది విద్వాంసుల నమ్మకం. హేలీ 1691 ప్రాంతంలో రాయల్ సొసైటీకి రాసిన వ్యాసంలో సెంట్ హెలీనా అనుభవాన్ని సాక్ష్యంగా తెచ్చాడు. సముద్రంనుండి లేచిన ఆవిరి గాలితోపాటు పోయి కొండల నెత్తిన చల్లబడి నీరవుతుంది. ఆ నీరే రాతి పగుళ్ళలోకి దిగి ఊటలై బయటికి వస్తుంది అన్నాడు. ఇప్పుడు ప్రతి పాఠ్యపుస్తకంలోను జలచక్రం బొమ్మ వుంటుంది. దానికి పునాది వేసిన ప్రయత్నాలలో, చెమ్మగిల్లిన ఆ కాగితానికి కూడా ఒక చోటు వున్నది.

హేలీ తరువాత 84 యేళ్ళకు, 1761 జూన్ 6న, సూర్యబింబంమీదుగా శుక్రగ్రహం దాటిపోవడాన్ని కొలవడానికి నెవిల్ మాస్కెలిన్ అదే దీవికి వచ్చాడు. ఆయనకూ మబ్బులే అడ్డుపడ్డాయి. మబ్బులు కట్టే కొండను ఖగోళశాస్త్రజ్ఞులు రెండుసార్లు ఎన్నుకోవడం కొంత ఆశ్చర్యమే.

అయితే ఆ మబ్బునీటిని పట్టి నిలిపే చెట్ల గతి అప్పటికే చెడిపోతూ వున్నది. పోర్చుగీసు నావికుడు జోవావ్ ద నోవా 1502లో యీ దీవిని కనుగొన్నప్పుడు యిక్కడ మనుష్యులు లేరు. గడ్డి మేసే జంతువు ఒక్కటీ లేదు. పెద్ద భూఖండాలనుండి లక్షల సంవత్సరాలుగా వేరుపడి వున్నందున యిక్కడి చెట్లు ప్రపంచంలో మరెక్కడా లేనివి. మనం పూలకుండీలలో పెంచే చేమంతి కుటుంబానికి చెందిన మొక్కలు యిక్కడ వృక్షాలుగా మారాయి. ‘గమ్‌వుడ్’ అనే బంకచెట్టు అటువంటిదే. యిక్కడివారు ‘ఎబొనీ’ అని పిలిచేది మన తుమికి జాతి కాదు. పత్తికీ బెండకూ చుట్టమైన వేరొక చెట్టు. దాని చేవ నల్లగా, గట్టిగా వుండడంవలన ఆ పేరు వచ్చింది.

వచ్చిపోయే ఓడలకు మాంసం దొరకాలని పోర్చుగీసువారు మేకలను వదలి వెళ్ళారు. 1588లో ఆంగ్ల నావికుడు కావెండిష్ వచ్చేసరికి మేకలు మందలు మందలుగా కొండలను కప్పివేశాయి. మేక ముదురుచెట్టును ఏమీ చేయలేదు. మొలకను మాత్రం బతకనివ్వదు. కాబట్టి చాలాకాలం నష్టం కంటికి కనబడలేదు; అడవి నిలిచే వున్నట్టు తోచింది. 1659లో ఈస్టిండియా కంపెనీ వలసదారులను తెచ్చి నిలిపింది. వారు వంటచెరకుకు, సారా బట్టీలకు చెట్లు నరికారు. తోళ్ళు పదును చేయడానికి చెట్ల బెరడు ఒలిచి, మాను మానంతా అలాగే వదలివేశారు. ఈశాన్యభాగంలో ‘గ్రేట్ వుడ్’ అనే మహారణ్యం వుండేది. 1716 నాటికి యింకా చాలా చెట్లు నిలిచి వుండగా, 1724 నాటికి ముసలిచెట్లు ఇంచుమించు అన్నీ కూలిపోయాయి. వాటి స్థానంలో నిలబడవలసిన పిల్లచెట్లు లేనే లేవు. ఒక తరం వృక్షాలు తమ ఆయుస్సు తీరి పడిపోగా అడవి అంతరించిందన్నమాట. ఆ ప్రదేశంలో ఒక భాగాన్ని నేటికీ ‘డెడ్‌వుడ్’ మైదానం అంటారు.

దీవి అధికారులు మేలుకొనకపోలేదు. 1731లో మేకలను పది సంవత్సరాలపాటు చంపివేయాలని ఆజ్ఞ చేశారు. చంపినచోట ఎవరూ నాటకుండానే స్థానికపు చెట్లు గుంపులు గుంపులుగా మొలిచాయి. ఇంత స్పష్టమైన ప్రయోగఫలితం శాస్త్రంలో అరుదుగా దొరుకుతుంది. కాని గడువు తీరగానే మేకలు మళ్ళీ పెరిగాయి. ఎబొనీ చెట్లను కాపాడడానికి మేకలను నిర్మూలించడానికి అనుమతి కోరగా, 1745లో లండన్ డైరెక్టర్లు ఎబొనీ కంటె మేకలే ఉపయోగకరమైనవని చెప్పి నిరాకరించారు. ఆ సంవత్సరపు జమాఖర్చులలో ఆ మాట నిజమే కావచ్చు. చెట్టుపోయిన వాలుమీద మన్ను నిలవదని, మన్నులేని రాయిమీద మేక కూడా మేయదని జమాఖర్చుల పుస్తకంలో కనబడదు.

1808లో గవర్నరుగా వచ్చిన అలెగ్జాండర్ బీట్సన్ వేరు రకం మనిషి. మద్రాసు సైన్యంలో పనిచేసి, 1799 శ్రీరంగపట్టణ ముట్టడిలో సైన్యానికి సర్వేయరుగా వున్నవాడు. కొలవడం, లెక్కరాయడం ఆయనకు అలవాటు. చెట్లు నాటించాడు, సేద్యం బాగుచేయాలని చూశాడు, చీనాదేశపు కూలీలను రప్పించాడు. సారామీద కట్టుబాట్లు పెట్టినందుకు 1811 డిసెంబరులో సిపాయిల తిరుగుబాటును కూడా ఎదుర్కొన్నాడు. దీవి పాత దస్తరాలు తిరగవేసి, ఏయే సంవత్సరాలలో అనావృష్టి వచ్చిందో వెదకి తీశాడు. వాటిలో 1791-92 నాటి అనావృష్టి ఒకటి. 1816లో ప్రచురించిన తన గ్రంథంలో ఆయన ఆ సంవత్సరాలదగ్గర ఆగి, యిక్కడి కష్టం హిందూదేశంలో పడిన కష్టంముందు ఏపాటిదీ కాదని రాశాడు.

అందుకు ఆయన చూపిన ఆధారం మద్రాసు వైద్యాధికారి డాక్టరు జేమ్స్ ఆండర్సన్ కలకత్తాలోని కర్నల్ కిడ్‌కు రాసిన ఉత్తరం. రెండేళ్ళపాటు వానలు తప్పడంవలన ఉత్తర సర్కారులలో సగం జనం ఆకలితో చచ్చిపోయారని అందులో వున్నది. మిగిలినవారు ఎంత నీరసించి వున్నారంటే, సముద్రతీరానికి బియ్యం వస్తున్నదని విని రాజమహేంద్రవరంనుండి 5,000 మంది బయలుదేరగా, దూరం 50 మైళ్ళే అయినా గమ్యం చేరినవారు బహు కొద్దిమంది. సగం అన్న అంచనా ఎంతవరకు సరియైనదో చెప్పడం కష్టం; ఆ రోజులలో జనాభా లెక్కలు లేవు. కాని 1789 మొదలు 1792 వరకు సాగిన ఆ క్షామం దక్కను అంతటా వ్యాపించి, దారులవెంట మిగిలిన ఎముకలవలన ‘పుర్రెల కరువు’గా చరిత్రలో నిలిచింది. బీట్సన్ అక్కడితో ఆగలేదు. వెస్టిండీసులోని మాంట్‌సెరాట్ దీవిలో కూడా 1791-92లో వానలు లేవని బ్రయాన్ ఎడ్వర్డ్స్ రాసిన చరిత్రలో చదివి, ఆ సంగతిని కూడా పక్కనే చేర్చాడు. మూడు సముద్రాలమీద మూడు చోట్లు, అవే సంవత్సరాలు!

ఈ కరువును సర్కారులలో కళ్ళారా చూసినవాడు విలియం రాక్స్‌బరో. ఈయన 1781నుండి సామర్లకోటలో కంపెనీ వైద్యుడుగా వున్నాడు. ఒక వరదలో పుస్తకాలు, మొక్కల నమూనాలు పోగొట్టుకొని కూడా మళ్ళీ మొదలుపెట్టి, కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించిన గొప్ప గ్రంథానికి కావలసిన సామగ్రిని అక్కడే సమకూర్చాడు. బీడీ ఆకు యిచ్చే తుమికిచెట్టుకు శాస్త్రీయనామం పెట్టింది ఆయనే. మద్రాసుకు వచ్చిన తొలి సంవత్సరాలనుండి ఉష్ణమాపకం, వాయుభారమాపకం రోజుకు కొన్నిసార్లు చూసి రాసుకొనేవాడు. కరువు వచ్చినప్పుడు అది దైవికం అని సరిపెట్టుకోక, పిఠాపురం జమీందారుద్వారా సుమారు నూరేళ్ళ ముందటి మరొక మహాక్షామం వృత్తాంతాన్ని సేకరించాడు. వరి పోయినా తిండి దొరకాలని కొబ్బరి, పనస, అరటి మొదలైనవి కాలువగట్లమీద, గ్రామాల వెంట నాటించాలని ప్రభుత్వానికి రాశాడు. 1793లో కలకత్తా ఉద్యానవనానికి అధిపతిగా వెళ్ళాడు. ఆరోగ్యం చెడి స్వదేశానికి పోతూ 1813-14లో కొన్ని నెలలు సెంట్ హెలీనాలో ఆగి, ఆ స్థితిలో కూడా దీవి మొక్కలన్నిటికీ పట్టిక తయారుచేశాడు. కొన్నిటికి పేర్లు కూడా పెట్టాడు. ఆ పట్టిక బీట్సన్ గ్రంథంలోనే అచ్చయింది. అది అచ్చయ్యేటప్పటికి రాక్స్‌బరో జీవించి లేడు.

మూడు అనావృష్టులు ఒకేసారి రావడం యాదృచ్ఛికం కావచ్చు గదా అని ఒక చురుకైన విద్యార్థి అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. బీట్సన్ కారణం చెప్పలేదు. ఆయన చేతిలో వున్నవి మూడు సాక్ష్యాలు మాత్రమే. ప్రపంచ వాతావరణాన్ని లెక్కలతో పరిశీలించే పని ఒక శతాబ్దం తరువాతగాని సాగలేదు. 1904నుండి 1924వరకు భారత వాతావరణశాఖకు అధిపతిగా వున్న గిల్బర్ట్ వాకర్, దేశదేశాల వాయుభారం, వర్షపాతం అంకెలను మన గుమాస్తాలచేత సంవత్సరాలతరబడి గుణించి, భాగించి పోల్పించాడు. పసిఫిక్ సముద్రంమీద వాయుభారం పెరిగినప్పుడు హిందూ సముద్రంమీద తగ్గడం, అక్కడ తగ్గినప్పుడు యిక్కడ పెరగడం అనే తూగును గుర్తించి, దానికి ‘దక్షిణ డోలనం’ అని పేరు పెట్టాడు. పెరూ తీరంలో అప్పుడప్పుడు సముద్రం వేడెక్కే ‘ఎల్ నీనో’కూ, యీ తూగుకూ సంబంధాన్ని 1969లో యాకబ్ బ్యెర్క్‌నెస్ వివరించాడు. పసిఫిక్ నడుమ నీరు వేడెక్కితే మేఘాలు కట్టే స్థానాలే మారిపోతాయి. మన వైపు గాలి పైకి లేవడానికి బదులు కిందికి దిగుతుంది. దిగే గాలి వాననివ్వదు. ప్రతి ఎల్ నీనో సంవత్సరమూ మనకు కరువు కాదు గాని, మన పెద్ద కరువులలో చాలా వాటివెనుక అది వున్నది.

1998లో రిచర్డ్ గ్రోవ్ అనే చరిత్రకారుడు ‘నేచర్’ పత్రికలో, 1789-93 మధ్య వచ్చినది చాలా తీవ్రమైన ఎల్ నీనో అని, బీట్సన్, రాక్స్‌బరో మొదలైనవారి కాగితాలు అందుకు సాక్ష్యమని చూపించాడు. ఆస్ట్రేలియాలో అప్పుడే స్థాపించిన ఆంగ్లేయ వలస కూడా ఆ రోజులలోనే నీటికి కటకటలాడింది. సర్కారుల కరువువిషయంలో యీ వాదం గట్టిదే. సెంట్ హెలీనా వానలు మాత్రం పసిఫిక్‌కంటె అట్లాంటిక్ నీటి ఉష్ణోగ్రతలమీద ఎక్కువ ఆధారపడతాయి. కాబట్టి ఆ దీవి అనావృష్టిని పూర్తిగా అదే లెక్కలో వేయడంలో తొందరపడరాదు.

అడవులు నరికితే వాన తగ్గుతుందా అన్న ప్రశ్నకు కూడా పందొమ్మిదో శతాబ్దంలో యీ దీవిని సాక్ష్యంగా పిలిచారు. చెట్లు నాటిన తరువాత వానలు పెరిగాయని కొందరు గట్టిగా చెప్పారు. నడిసముద్రంలో యింత చిన్న నేలమీది చెట్లు మబ్బులను కొత్తగా తెప్పిస్తాయనడం అతిశయోక్తి. ఐతే వర్షమాపకంలో పడని నీరు ఒకటి వున్నది. శిఖరాలమీద మంచుతెర సాగిపోతున్నప్పుడు, చెట్టుఫెర్నుల ఆకులకూ, నాచు పట్టిన కొమ్మలకూ సన్నని బిందువులు తగిలి, చేరి, బొట్లుగా కిందికి రాలుతాయి. చెట్టు లేకపోతే ఆ తేమ గాలితోపాటు సముద్రంమీదికి పోతుంది. హేలీ అద్దాలను తడిపినది యీ తేమే. దీవి ఊటలకు చాలా నీరు యిలాగే చేరుతుంది.

1836 జూలైలో డార్విన్ ఆరు రోజులు యిక్కడ వున్నాడు. అప్పటికి దీవిలో లెక్కకువచ్చిన 746 మొక్కజాతులలో దేశవాళీవి 52 మాత్రమే అని ఆయన నమోదు చేశాడు. మిగిలినవి యితర దేశాలనుండి, ముఖ్యంగా ఇంగ్లండునుండి, వచ్చి చేరినవి. ఒక కొండ అంచున నిలబడి ఆయన మరొక వింత చూశాడు: ఎదుట గాలి బలంగా వీస్తున్నది, అంచుమీద నిలబడితే ఆకు కదలడంలేదు, చెయ్యి చాచితే మాత్రం గాలి దెబ్బ తగులుతున్నది. చరియను ఢీకొన్న గాలి నిలువుగా పైకి మళ్ళడమే యిందుకు కారణం. 180 సంవత్సరాల తరువాత దీవిలో విమానాశ్రయం కట్టినప్పుడు, చరియలదగ్గర గాలి యిలా ఉన్నట్టుండి మారడంవలననే 2016లో విమానసర్వీసులు మొదలుకాలేదు. 1869లో సూయజ్ కాలువ తెరిచిన తరువాత ఓడలు దారి మార్చుకోగా మరుగునపడిన దీవికి, 2017 అక్టోబరులోగాని క్రమమైన విమానయానం రాలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో మరొక దెబ్బ తగిలింది. మబ్బుకొండల వాలులమీద న్యూజీలండ్ నారమొక్కను విస్తారంగా నాటారు. బ్రిటిష్ తపాలాశాఖకు మూటలు కట్టే పురికొస దానితో చేసేవారు. 1966లో తపాలాశాఖ కృత్రిమ నారకు మారడంతో ఆ పరిశ్రమ మూతపడింది. మొక్కలు మాత్రం తిరిగిపోలేదు. కొండలమీద అవి నేటికీ దట్టంగా వున్నాయి. వాటిని తొలగించి దేశవాళీ చెట్లను తిరిగి నాటే పని యిప్పుడు సాగుతున్నది. సుమారు 4,400 మంది జనానికి కావలసిన తాగునీరు చాలావరకు ఆ కొండలనుండే రావాలి గనుక యిది ఉద్యానవనపు వేడుక కాదు. గ్రేట్ వుడ్ వుండిన బీడులో 2000 సంవత్సరంనుండి దీవివాసులే బంకచెట్లు నాటుతున్నారు. అన్నిటినీ కాపాడలేకపోయారు. సెంట్ హెలీనా ఆలివు అనే చెట్టు యొక్క చివరి అడవి మొక్క 1994లో, పెంచిన చివరి మొక్క 2003లో చనిపోయాయి. ఆ జాతి యిక లేదు.

మేకలకంటె తక్కువ విలువైనదని 1745లో తేల్చిన ఎబొనీ కూడా పూర్తిగా నశించిందనే అనుకొన్నారు. 1980లో క్వెంటిన్ క్రాంక్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, దీవివాసి జార్జి బెంజమిన్ కలిసి వెదుకుతుండగా, సముద్రంమీదికి వాలిన ఒక కొండచరియమీద రెండు పొదలు కనిపించాయి. మేక కాలు మోపలేని చోటు అది. వాటినుండి కత్తిరించి తెచ్చిన కొమ్మలకు వేళ్ళు పుట్టాయి. నేడు దీవిలో పెరుగుతున్న ఎబొనీ మొక్కలన్నీ ఆ రెండింటి సంతానమే.